సీమ్యాప్ కోచింగ్‌కి డబ్బు కట్టేముందు

ప్రశ్న: నమస్కారం అండీ. మాది గుంటూరు. విజయవాడలో ఒక ప్రైవేటు బ్యాంకు హోమ్ లోన్ సెక్షన్‌లో ఆరేళ్లు చేశాను. మావారికి స్కిల్డ్ వర్కర్ వీసా రావడంతో ఇంగ్లండు వచ్చి రెడింగ్‌లో ఉంటున్నాం. నేను డిపెండెంట్‌ని. బాబు సెప్టెంబరు నుంచి స్కూలుకి వెళ్తాడు, నాకూ ఏదైనా పని చూసుకోవాలని ఉంది. ఇక్కడ మార్ట్‌గేజ్ అడ్వైజర్, అంటే ఇంటి లోన్ల మీద సలహా చెప్పే మనిషి, అవ్వాలంటే సీమ్యాప్ పరీక్షలు పాసవ్వాలన్నారు. కోచింగ్ కోసం వెతికితే మూడు దొరికాయి. ఒకటి లండన్‌లో క్లాసులు. మూడు మాడ్యూళ్లూ రెండు వారాల్లో ముగిస్తారట, రెండు వేల పౌండ్ల పైమాటే, వాయిదాల్లో కట్టొచ్చు, 'పాస్ గ్యారంటీ, ఉద్యోగం మేం చూపిస్తాం' అంటున్నారు. రెండోది ఆన్‌లైన్. వీడియోలు, మాక్ టెస్టులు, ఏ మాడ్యూల్‌కి ఆ మాడ్యూల్ విడిగా కొనుక్కోవచ్చు. మూడోది వాట్సాప్‌లో మనవాళ్లే ఒకాయన, 'పరీక్షలో వచ్చే ప్రశ్నలే' అని రెండొందల పౌండ్లకి ఇస్తానంటున్నారు. మావారేమో ఈ డబ్బు దాచుకుని తర్వాత ఎమ్మెస్సీ చెయ్యమంటున్నారు. దేంట్లో చేరమంటారు?
– ఎస్., రెడింగ్

సమాధానం:

ఎస్. గారూ, వాట్సాప్ ఆయన్ని ఇవాళే బ్లాక్ చెయ్యండి. ఎందుకో తర్వాత చెప్తాను. లండన్ క్లాసులకి ఇప్పుడప్పుడే డబ్బు కట్టకండి. ఆన్‌లైన్ కోర్సు మీకు సరిపోతుంది, అయితే మొదటి మాడ్యూల్ వరకే కొనండి. అదీ ఓ నాలుగైదు మార్ట్‌గేజ్ బ్రోకర్ ఆఫీసులకి మీ సీవీ పంపి, వాళ్లేమంటారో విన్నాక. కోర్సే చెయ్యకుండా ఉద్యోగానికి ఎలా అప్లై చేస్తామంటారేమో. మీ విషయంలో అదే సరైన వరస.

ముందు ఎవరేంటో తేల్చుకుందాం. సీమ్యాప్ సర్టిఫికెట్ ఇచ్చేది లండన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్. ఈమధ్యే వాల్‌బ్రూక్ ఇన్‌స్టిట్యూట్ లండన్ అని పేరు మార్చుకుంది, పాత వీడియోల్లో ఎల్‌ఐబీఎఫ్ అని వినిపిస్తే కంగారుపడకండి, రెండూ ఒకటే. కోచింగ్ కంపెనీకీ ఈ సర్టిఫికెట్‌కీ సంబంధం లేదు. అమీర్‌పేటలో బ్యాంకు పీవో కోచింగ్ ఇచ్చే సెంటరుకీ, ఆ పరీక్ష పెట్టే ఐబీపీఎస్‌కీ ఉన్నంత దూరమే ఇక్కడా ఉంది. కోచింగ్ కంపెనీ పెట్టడానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. కోచింగ్ అసలు లేకుండా ఇన్‌స్టిట్యూట్ పుస్తకం చదివి పాసయ్యేవాళ్లూ ఉన్నారు. అందుకే ధర అడిగేటప్పుడు మొదటి ప్రశ్న ఇదే: 'ఇన్‌స్టిట్యూట్‌కి కట్టాల్సిన రిజిస్ట్రేషన్, పరీక్ష ఫీజు ఇందులో కలిసిందా, విడిగా కట్టాలా?' చాలామంది విడిగానే కట్టిస్తారు. ఆ మాట మాత్రం పేజీ అడుగున ఎక్కడో ఉంటుంది.

డిస్కౌంట్ సైట్లలో పది, పదిహేను పౌండ్లకి 'మార్ట్‌గేజ్ అడ్వైజర్ డిప్లొమా' అని కూడా అమ్ముతుంటారు. దాంతో వచ్చేది ఒక పీడీఎఫ్ కాగితం, అంతే. ఇక్కడి ఆర్థిక కంపెనీల మీద నిఘా పెట్టే ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ, అంటే ఎఫ్‌సీఏ, ఏ ఏ సర్టిఫికెట్లు చెల్లుతాయో తన నిబంధనల్లోనే జాబితా ఇచ్చింది. అందులో సీమ్యాప్ ఒకటి. చార్టర్డ్ ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల మార్ట్‌గేజ్ సర్టిఫికెట్ ఉంది, ఎడిన్‌బరో చార్టర్డ్ బ్యాంకర్ వాళ్ల మ్యాప్‌సీ ఉంది. అవీ చెల్లుతాయి. కానీ ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది సీమ్యాపే కాబట్టి మీరు దాన్నే పట్టుకోండి.

ఇక పరీక్ష. మూడు మాడ్యూళ్లు. మొదటిదాంట్లో 100 ప్రశ్నలు, రెండోదాంట్లో 100, మూడోదాంట్లో ఆరు కేస్ స్టడీలు, ఒక్కోదాని మీద పది చొప్పున 60 ప్రశ్నలు. అన్నీ ఆబ్జెక్టివ్ టైపే, పాస్ మార్కు 70 శాతం. స్థాయి లెవెల్ 3, అంటే మన ఇంటర్మీడియట్‌తో సమానం. ఈ సంగతి మీవారికి కూడా చెప్పండి. ఎమ్మెస్సీకి బదులు చేసే చదువు కాదిది, ఒక పనిలోకి వెళ్లడానికి కావలసిన గేట్ పాస్. అడ్వైజర్ కావడానికి ఎమ్మెస్సీ అవసరం లేదు. రేపు ఎమ్మెస్సీ చేసినా ఈ పరీక్ష తప్పదు. రెండిట్లో ఏది ముందన్నది మీ ఇంటి లెక్క, నేను తల దూర్చను.

మీలాంటివాళ్లకి ఈ మూడింట్లో ఏది కష్టమో ఏ కోచింగ్ వెబ్‌సైటూ చెప్పదు. వాళ్లు రాసుకున్నదంతా ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ల కోసం. వాళ్లకి మొదటి మాడ్యూల్ తేలిక, రెండోది కొత్త. మీకు అంతా తలకిందులు. మొదటిదాంట్లో ఉండేది ఈ దేశపు డబ్బు వ్యవహారమంతా: నేషనల్ ఇన్సూరెన్స్, స్టేట్ పెన్షన్, ఐసా అనే పన్ను పడని పొదుపు ఖాతా, యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ సాయం, ఇన్‌హెరిటెన్స్ ట్యాక్స్, ఎఫ్‌సీఏకీ, బ్యాంకుల ఆర్థిక బలం చూసే పీఆర్ఏకీ మధ్య పని పంపకం. ఇక్కడి పిల్లలు ఇవన్నీ అమ్మానాన్నల నోట వింటూ పెరుగుతారు. మనకి ఐసా అంటే ఏంటో జీతం వచ్చిన మొదటి ఏడాది దాకా తెలియదు. రెండో మాడ్యూల్‌కి వచ్చేసరికి ఆదాయం లెక్కకట్టడం, ఇంటి విలువకి ఎంత శాతం అప్పివ్వొచ్చో చూడటం, వాయిదా తప్పినవాళ్లతో ఎలా నడుచుకోవాలి, ఇవన్నీ మీరు విజయవాడలో రోజూ చేసిన పనులే. పేర్లు మారతాయి. ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లు సరిచూసే పని ఇక్కడ ల్యాండ్ రిజిస్ట్రీ రికార్డుతో సరిపోతుంది. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో పెట్టుకోవడం బదులు ఆ రిజిస్టర్లోనే బ్యాంకు పేరున చార్జి, అంటే తనఖా హక్కు, ఎక్కుతుంది. మీకు కొత్తగా అనిపించేది లీజ్‌హోల్డ్. ఫ్లాటు కొన్నా దాని కింద నేల మీది కాదు, లీజు గడువు తగ్గే కొద్దీ విలువా తగ్గుతుంది. దానికి కాస్త టైం పెట్టండి.

కాబట్టి మీకు కావలసింది మొదటి మాడ్యూల్‌ని నిదానంగా, మొదటినుంచీ చెప్పేవాళ్లు. రెండు వారాల్లో మూడూ చుట్టేసే క్లాసు సరిగ్గా మీకు పనికిరానిది. ఇక్కడి బ్యాంకు బ్రాంచిలో ఇప్పటికే నాలుగేళ్లు చేసి, సెలవు పెట్టి వచ్చి కూర్చునేవాళ్లకి అది బాగుంటుంది. పైగా బాబు స్కూల్లో మొదటి వారాల్లో పూట బడే పెట్టొచ్చు. లండన్ వెళ్లొచ్చేలోగా ఎవరు తీసుకొస్తారు వాణ్ని?

మరి ఆన్‌లైన్ కోర్సు మంచిదో కాదో తేల్చుకోవడం ఎలా? రివ్యూల్లో చుక్కలు లెక్కపెట్టకండి. శాంపిల్ పాఠం అడగండి, అది తాజాదో పాతదో పట్టుకోవడానికి రెండు చోట్ల చూడండి. ఒకటి, బ్యాంకు మునిగితే డిపాజిటర్‌కి వచ్చే రక్షణ. ఏళ్ల తరబడి 85,000 పౌండ్లున్నది 2025 డిసెంబర్ 1 నుంచి 1,20,000 అయింది. రెండు, ఇంగ్లండులో ఇల్లు కొన్నప్పుడు కట్టే స్టాంప్ డ్యూటీ. 2025 ఏప్రిల్ 1న సున్నా పన్ను హద్దు 2,50,000 నుంచి 1,25,000కి పడిపోయింది, మొదటిసారి కొనేవాళ్లకి 4,25,000 నుంచి 3,00,000కి. ఏ తేదీ వరకు వచ్చిన మార్పులు పరీక్షలో అడుగుతారో ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. కొత్త అంకె పరీక్షలోకి ఇంకా రాకపోయినా సరే, 'ఇది మారింది, మీ పరీక్షకి ఇది చదవండి' అని పాఠంలో ఒక ముక్క ఉండాలి. ఆ ముక్క లేదంటే ఎవరో ఎప్పుడో తీసిన వీడియోని ఇంకా అమ్ముకుంటున్నారన్నమాట.

ఆ తర్వాత ట్యూటర్‌తో ఓ పది నిమిషాలు మాట్లాడిస్తారా అని అడగండి. మాట్లాడిస్తే ఈ ప్రశ్న వెయ్యండి: 'గుంటూరులో సొంత ఫ్లాటున్న భార్యాభర్తలు రెడింగ్‌లో 2,80,000 పౌండ్లకి ఇల్లు కొంటున్నారు, స్టాంప్ డ్యూటీ ఎంత?' ఈ దేశంలో వాళ్లకిది మొదటి ఇల్లు కాబట్టి సున్నా అన్నారంటే ఫోన్ పెట్టేయండి. మొదటిసారి కొనేవాళ్ల రాయితీ ప్రపంచంలో ఎక్కడా, ఎప్పుడూ సొంత ఇల్లు లేనివాళ్లకే. సాధారణ రేటు ప్రకారం మొదటి 1,25,000కి ఏమీ లేదు, పై 1,25,000కి రెండు శాతం చొప్పున 2,500, మిగిలిన 30,000కి ఐదు శాతం చొప్పున 1,500, మొత్తం 4,000. గుంటూరు ఫ్లాటు విలువ 40,000 పౌండ్లు, ఆపైన ఉంటే ఇది రెండో ఇల్లు కిందికి వస్తుంది, 2024 అక్టోబర్ 31 నుంచి మొత్తం ధర మీద అదనంగా ఐదు శాతం, అంటే ఇంకో 14,000. వెరసి 18,000. ఫ్లాటు భార్యాభర్తల్లో ఎవరి పేరున ఉన్నా ఇదే లెక్క. వట్టి స్థలమైతే అది ఇల్లు కాదు, దాని సంగతి వేరు.

జవాబు తడుముకోకుండా రావాలని కాదు. 'ఇండియాలో ఉన్నది ఫ్లాటా, స్థలమా? విలువెంత?' అని ఆయన తిరిగి మిమ్మల్ని అడిగితే చాలు, మంచి ట్యూటరే. మూడో మాడ్యూల్‌లో కేస్ స్టడీలు పరీక్షించేది అదే గుణాన్ని. కుటుంబం, జీతం, అప్పులు, వయసు అన్నీ ఇచ్చి, వీటిలో ఏది అసలు ముఖ్యమో గుర్తుపట్టమంటారు. బట్టీ కొట్టినవాళ్లు ఎక్కువగా పడిపోయేది అక్కడే.

'పాస్ గ్యారంటీ' అన్నమాట చూసి మురిసిపోకండి. చాలాచోట్ల దాని అర్థం, తప్పితే మళ్లీ క్లాసులో ఉచితంగా కూర్చోవచ్చని. తిరిగి రాయడానికి ఇన్‌స్టిట్యూట్‌కి కట్టే ఫీజు మీదే. అన్ని క్లాసులకీ హాజరై ఉండాలి, మాక్ టెస్టుల్లో ఇన్ని మార్కులు రావాలి, ఇన్ని వారాల్లోపు పరీక్ష రాయాలి అని షరతులుంటాయి. చిన్నపిల్లాడున్న తల్లికి ఏదో ఒక షరతు తప్పడం ఎంతసేపు? 95 శాతం పాసయ్యారనే ప్రకటనలూ అంతే. చేరినవాళ్లలోనా, పరీక్ష దాకా వెళ్లినవాళ్లలోనా, మొదటిసారికేనా అని మెయిల్‌లో అడగండి. జవాబు కూడా మెయిల్‌లోనే రావాలి, ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

ఇక వాట్సాప్ ఆయన. పరీక్ష ప్రశ్నలు బయటికి చెప్పడం, కొనడం రెండూ ఇన్‌స్టిట్యూట్ నిబంధనల ప్రకారం మోసమే. దొరికితే రిజల్టు రద్దవుతుంది. అక్కడితో పోతే పర్వాలేదు. ఈ వృత్తిలో మిమ్మల్ని పెట్టుకునే కంపెనీ మీరు నిజాయతీపరులని, ఈ పనికి తగినవాళ్లని పూచీ పడాలి. చదువులో మోసం చేశారన్న మచ్చ ఒకసారి పడితే ఏ కంపెనీ సంతకం పెడుతుంది? మనవాళ్లని మొహమాటపడకండి. డబ్బు తీసుకుని పాత మాక్ టెస్టులే చేతిలో పెట్టినా మీరు ఎవరికీ చెప్పుకోలేరు, ఆయన ధైర్యమదే.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తింటారు. మూడు మాడ్యూళ్లూ పాసయ్యారనుకోండి, మర్నాడు పొద్దున్నే బోర్డు పెట్టుకుని లోన్ల సలహా చెప్పడం కుదరదు. ఇండియాలో బ్యాంకు లోన్ ఏజెంటుగా డీఎస్ఏ కోడ్ తీసుకుని మొదలుపెట్టినంత తేలిక కాదు. ఎఫ్‌సీఏ అనుమతి ఉన్న కంపెనీలో గానీ, చిన్న బ్రోకర్లని తన అనుమతి కింద నడిపే నెట్‌వర్క్ కంపెనీలో పనిచేసే బ్రోకర్ దగ్గర గానీ చేరాలి. చేరాక కూడా మీ ఫైళ్లన్నీ ఒక సూపర్‌వైజర్ చూస్తారు. మీరు సొంతంగా చెయ్యగలరని వాళ్లకి నమ్మకం కుదిరాకే 'కాంపిటెంట్ అడ్వైజర్' హోదా ఇస్తారు. ఉద్యోగ ప్రకటనల్లో 'సీఏఎస్ ఉన్నవాళ్లే అప్లై చెయ్యండి' అని కనిపించేది దాన్నే. ఈలోగా స్నేహితులకి ఫీజు తీసుకుని ఫలానా బ్యాంకు లోన్ తీసుకోమని సలహా చెప్తే అది 2000 నాటి ఫైనాన్షియల్ సర్వీసెస్ అండ్ మార్కెట్స్ చట్టం కింద నేరం. వాట్సాప్ గ్రూపుల్లో ఇలా చెప్పేవాళ్లు కొందరున్నారు, వాళ్లని చూసి మీరు మొదలుపెట్టకండి.

అందుకే ముందు సీవీ పంపమన్నది. బ్రోకర్ ఆఫీసుల్లో మార్ట్‌గేజ్ అడ్మినిస్ట్రేటర్, కేస్ మేనేజర్ అని పనులుంటాయి. పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు సేకరించి సరిచూడటం, లెండర్ పోర్టల్‌లో ఎక్కించడం, వాల్యుయేషన్ వచ్చిందా, ఆఫర్ వచ్చిందా అని లాయర్ల వెంట పడటం. క్లయింటుకి సలహా ఇవ్వరు కాబట్టి చాలాచోట్ల సీమ్యాప్ లేకపోయినా తీసుకుంటారు. ఆరేళ్లు లోన్ ఫైళ్లు నడిపిన మనిషికి ఇంతకన్నా సరైన గుమ్మం లేదు. కొన్ని బ్యాంకులు, బిల్డింగ్ సొసైటీలు, పెద్ద బ్రోకర్ కంపెనీలు మనిషి నచ్చితే సీమ్యాప్ ఖర్చు తామే పెట్టుకుంటాయి. ఇంత కాలం లోపు మానేస్తే తిరిగి కట్టాలని రాయించుకుంటాయి, అది చదివి సంతకం పెట్టండి. ఉద్యోగం ఇవ్వకపోయినా ఒక మాట అడగండి: 'మీ దగ్గర కొత్తగా చేరినవాళ్లు ఎవరి దగ్గర చదువుకున్నారు?' రెండు మూడు ఆఫీసుల్లో ఒకే పేరు వినిపిస్తే కోచింగ్ ఎంపిక అక్కడే సగం అయిపోయినట్టు.

సీవీలో 'హోమ్ లోన్ ఆఫీసర్' అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకండి. నెలకి ఎన్ని ఫైళ్లు చూసేవారు, జీతగాళ్లవా వ్యాపారస్తులవా, రిజెక్టైన ఫైలుని ఎలా నిలబెట్టేవారు, అదంతా రాయండి. తెలుగు, హిందీ వచ్చని కూడా రాయండి. ఈ దేశంలో వీసా మీద ఉన్నవాళ్లకి అప్పిచ్చే తీరు ఒక్కో లెండర్‌ది ఒక్కోలా ఉంటుంది. వీసా గడువు ఇంత మిగిలి ఉండాలని కొందరు, డిపాజిట్ ఎక్కువ పెట్టమని ఇంకొందరు అంటారు. రెడింగ్, స్లౌ, హౌన్స్‌లో చుట్టుపక్కల బ్రోకర్లకి అలాంటి క్లయింట్లు తక్కువేం కాదు, వాళ్ల గొడవ అర్థమయ్యే మనిషి కావాలి.

లండన్ వాళ్లు చూపిస్తామన్న 'ఉద్యోగం' ఏంటో కూడా కనుక్కోండి. చాలాసార్లు అది సెల్ఫ్ ఎంప్లాయిడ్, అంటే కమీషన్ మాత్రమే. ఇల్లు చేతికొచ్చి లోన్ పూర్తయ్యాకే లెండర్ దగ్గర్నుంచి బ్రోకర్‌కి డబ్బొస్తుంది, దానికి నెలలు పడుతుంది. జతగా లైఫ్ ఇన్సూరెన్స్ అమ్మిస్తారు. ఆ క్లయింటు మధ్యలో పాలసీ మానేస్తే ఇచ్చిన కమీషన్ వెనక్కి లాక్కుంటారు, దాన్నే క్లాబ్యాక్ అంటారు. మీరు స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్ కాబట్టి ఉద్యోగమైనా, సెల్ఫ్ ఎంప్లాయిడ్ అయినా చెయ్యొచ్చు. మీవారు మాత్రం సరదాకైనా ఇందులో వేలు పెట్టకూడదు, ఆయన వీసా మీద స్పాన్సర్ ఉద్యోగం కాకుండా చేసే పనికి షరతులుంటాయి.

కోర్సు కొనేటప్పుడు వీలైతే క్రెడిట్ కార్డు మీద కట్టండి. 100 పౌండ్లు దాటి 30,000 లోపున్న వస్తువుకో, సర్వీసుకో కార్డుతో కడితే, కంపెనీ మోసం చేసినా మూతపడినా కన్జ్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద కార్డు బ్యాంకుని అడగొచ్చు. బిల్లు మాత్రం నెలాఖరుకి పూర్తిగా తీర్చెయ్యండి. ఆన్‌లైన్‌లో కొన్నదానికి 14 రోజుల్లో వద్దనుకునే హక్కుంటుంది. అయితే 'వెంటనే మొదలుపెడతాను, రద్దు హక్కు వదులుకుంటున్నాను' అన్న గడిలో టిక్ పెట్టి వీడియోలు తెరిస్తే అది పోవచ్చు. రాత్రి పదకొండింటికి, బాబు పడుకున్నాక, ఆత్రంగా ఆ టిక్ పెట్టకండి. లండన్ వాళ్ల వాయిదాల పద్ధతి కూడా అప్పే. మధ్యలో కోర్సు మానేసినా వాయిదాలు ఆగవు, అది మీకు నేను చెప్పాలా!

చివరిగా పేరు. ఇన్‌స్టిట్యూట్‌లో రిజిస్టర్ అయ్యేటప్పుడు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఇంకొకరికి గివెన్ నేమ్‌లో కలిసిపోయి ఉంటుంది, పెళ్లయ్యాక మారినవి కొన్ని. పరీక్ష జరిగే పియర్సన్ వ్యూ సెంటర్లో ఐడీ మీద పేరు, బుకింగ్ మీద పేరు కలవకపోతే లోపలికి రానివ్వరు, కట్టిన ఫీజూ పోవచ్చు. తేడా కనిపిస్తే పరీక్ష రోజు దాకా ఆగకుండా ముందే ఇన్‌స్టిట్యూట్‌కి రాసి మార్పించుకోండి.